బాబాయ్ కంప్యూటర్‌లో ఇద్దరు అద్దెదారులు
మా బాబాయ్‌ది డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, మధ్యలో జనాల ఆధార్ ప్రింట్లు. సిస్టమ్ పాతది, విండోస్ 10. దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 లేదు.

‘లినక్స్ మింట్ వేద్దాం, ఫ్రీ’ అన్నా.

‘పేజ్‌మేకర్, అను ఫాంట్లు వస్తాయారా?’

నేరుగా రావు. పాత ఫైళ్లన్నీ వాటిలోనే. ఏ ఓఎస్ గొప్పదని మనం ఆఫీసులో గంటలకొద్దీ వాదించుకుంటాం గానీ, పెళ్లిళ్ల సీజన్‌లో శుభలేఖ ఆగితే ఆ వాదనలేవీ పనికిరావు.

అందుకే రెండూ ఉంచాం. విండోస్‌కి నెట్ తీసేశాం, అందులో కార్డుల పనే. ఆధార్‌లు, మెయిళ్లు, ఎవరెవరివో పెన్‌డ్రైవ్‌లు మింట్‌లో. విండోస్ కోసం రాసిన వైరస్ అక్కడ మామూలుగా నడవదు మరి.

మారాల్సినప్పుడల్లా రీస్టార్ట్ ఏంట్రా అని బాబాయ్ ఇప్పటికీ విసుక్కుంటున్నాడు.