నిద్రలో మెలకువ

ప్రియ చదువరీ, రాత్రి పొయ్యిలో నివురు గప్పిన నిప్పును చూచితివా? ఆరినట్లే యుండును, తెల్లవారి విసరగానే రాజుకొనును. కంప్యూటరు నిద్రయు అట్టిదే. తెర ఆరినను, లోపలి నెట్‌వర్కు కార్డుకు కొద్దిపాటి కరెంటు అందుచుండును. మాజిక్ ప్యాకెట్ అను 102 బైట్ల చిన్న పిలుపు దానికి వచ్చును: మొదట 6 బైట్ల గుర్తు, పిమ్మట ఆ కార్డు సంఖ్యయే 16 మారులు. తన సంఖ్యను గుర్తించిన కార్డు యంత్రమును లేపును. 1995లో ఏ.ఎమ్.డి., హెచ్.పి. సంస్థలు ఈ పద్ధతిని తెచ్చినవి.

ఒకమారు నా భార్య నెల్లూరు ఆసుపత్రిలో నుండగా వైద్యులు పాత స్కాను అడిగిరి. అది బోగోలులో, తాళము వేసిన మా యింటి కంప్యూటరులో నున్నది. రౌటరు ద్వారా ఎంత పిలిచినను అది లేవలేదు. కరెంటు మిగులునని తలంచి, కంప్యూటరును లేపు అనుమతిని ఆ కార్డుకు నేనే తీసివేసియుంటిని! రాత్రి రైలెక్కి, బిట్రగుంటలో దిగి, ఇంటికి పోయి తెచ్చితిని. తెల్లవారువరకు ఆమె బాధతో వేచియుండెను.

చదువరీ, పొదుపు మంచిదే. దీపములన్నియు ఆర్పుము; వినెడి చెవిని మాత్రము మూయకుము. ఊరు విడుచుటకు ముందే యంత్రమును నిద్రపుచ్చి, ఒకమారు పిలిచి చూడుము.