సబ్జెక్టు పక్కన అంకె, దాని వెనుక గంటలు

మీ గుర్తింపు కార్డును ఒకసారి చేతిలోకి తీసుకోండి. సబ్జెక్టుల పేర్ల పక్కన మూడంకెల సంఖ్యలు కనిపిస్తాయి. పరీక్ష దరఖాస్తులో ఎక్కించడానికి తప్ప అవి ఎందుకూ పనికిరావని చాలామంది అనుకుంటారు. పాఠాలు తయారుచేసే పనిలో ఉన్నందువల్లనేమో, నాకు వాటిపై కొంచెం మమకారం. జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థలో సెకండరీ గణితం 211, సీనియర్ సెకండరీ గణితం 311. ఇంగ్లీషు 202, 302. చివరి రెండంకెలు సబ్జెక్టును చెబుతాయి. మొదటి అంకె స్థాయిని చెబుతుంది: 2 ఉంటే పదో తరగతి, 3 ఉంటే పన్నెండో తరగతి.

రేపు మీరు డిగ్రీలో చేరారనుకుందాం. యు.జి.సి. 2022లో ఇచ్చిన విధానం ప్రకారం కళాశాలలో 100 నుంచి 199 వరకు ఉన్నవి పరిచయ కోర్సులు, 200 నుంచి 299 వరకు మధ్యస్థాయివి, 300 దాటితే ఇంకా పైవి. అంటే మన 311 చదివిన తరువాతే కళాశాల 101 వస్తుంది. సంఖ్య చిన్నదైంది కదా అని తేలిక అనుకోకండి. మన పట్టణాల్లో 3-5-12 అని ఇంటి నంబరు రాస్తారు. ఊరి పేరు లేకుండా ఆ నంబరుతో ఏ ఇల్లూ దొరకదు. ఇదీ అంతే.

కొన్నిచోట్ల అంకెల ముందు అక్షరాలు కూడా ఉంటాయి. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ‘బి.సి.ఓ.సి.-131’ అనే కోర్సు ఉంది. బి అంటే బ్యాచిలర్ డిగ్రీ, సి.ఓ. అంటే కామర్స్, చివరి సి అంటే కోర్, అంటే ఆ డిగ్రీకి మూలమైన కోర్సు. విషయం ఫైనాన్షియల్ అకౌంటింగ్. దానికి 6 క్రెడిట్లు.

ఈ క్రెడిట్ అనే మాట దగ్గర కాస్త ఆగుదాం. ఇది మార్కు కాదు. అత్తెసరు మార్కులతో గట్టెక్కినా, తొంభై తెచ్చుకున్నా ఆ కోర్సుకు వచ్చే క్రెడిట్లు అవే. క్రెడిట్ అంటే కాలానికి కొలత. దూరవిద్యలో 1 క్రెడిట్‌కు సుమారు 30 గంటల చదువు అని లెక్క. పాఠం చదవడం, అభ్యాసాలు రాయడం, అధ్యయన కేంద్రంలో తరగతికి వెళ్లడం అన్నీ ఆ 30లోనే. మామూలు కళాశాలలో సెమిస్టరు పొడవునా వారానికి ఒక గంట పాఠం వింటే 1 క్రెడిట్. అక్కడ ఇంట్లో చదువుకునే సమయం పైకి కనిపించదు. మన వంటివారికి చదువంతా ఇంట్లోనే.

కొన్నేళ్ల కిందట ఒక అధ్యయన కేంద్రంలో ఒకామె నన్ను కలిశారు. కుట్టుపని చేసుకుంటూ, ఇద్దరు పిల్లల్ని చూసుకుంటూ డిగ్రీలో చేరారు. మొదటి ఆరు నెలల్లో నాలుగు కోర్సులు, మొత్తం 20 క్రెడిట్లు. రెండింటిలో తప్పారు. “మేడమ్, నాకు చదువు రాదేమో” అన్నారు. కాగితం తీసి ఇద్దరం లెక్క వేశాం. 20 క్రెడిట్లంటే 600 గంటలు. ఆరు నెలలకు 180 రోజులనుకుంటే రోజుకు 3 గంటల 20 నిమిషాలు. “మీకు ఎంత సమయం దొరికింది?” అని అడిగాను. “రాత్రి మిషన్ ఆపాక గంటన్నర” అన్నారు. ఆ గంటన్నరకు 270 గంటలు, అంటే 9 క్రెడిట్ల చదువు. ఆమె గట్టెక్కిన రెండు కోర్సులకు 10 క్రెడిట్లు! ఆమె కాగితం వంక చాలాసేపు చూశారు. తరువాత దాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నారు.

ప్రాస్పెక్టస్‌లో క్రెడిట్ల పక్కనే గంటలు కూడా అచ్చువేయాలని నా అభిప్రాయం. అంతవరకు మీరే 30తో గుణించుకోండి. 4 క్రెడిట్ల కోర్సుకు 120 గంటలు, రోజుకు గంట చొప్పున నాలుగు నెలలు. అన్ని పరీక్షలూ ఒకేసారి రాయాలన్న నియమం సార్వత్రిక విద్యలో లేదు. మన సంస్థలో ఒకసారి నమోదైతే ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఉంటాయి. ఉత్తీర్ణులైన సబ్జెక్టు మీ పేరిట నిలిచే ఉంటుంది.

ఉన్నత విద్యలో 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వచ్చింది. పేరుకు బ్యాంకే కానీ డబ్బు ప్రసక్తి లేదు. ఒక విద్యాసంస్థలో సంపాదించిన క్రెడిట్లు మీ ఖాతాలో జమ అవుతాయి. మధ్యలో ఆపినవారు మళ్లీ చేరినప్పుడు అవి అక్కరకు వస్తాయి. అయితే ఆనాటి నిబంధనలు వాటికి సాధారణంగా గరిష్ఠంగా ఏడేళ్ల గడువు పెట్టాయి. ఇంకో సంగతి, ఏ క్రెడిట్లను ఒప్పుకోవాలో మీరు చేరబోయే సంస్థ తన నియమాలను బట్టి చూస్తుంది.

గుర్తింపు ఉన్న మరో బోర్డులో కొన్ని సబ్జెక్టులు గట్టెక్కి ఆపేసినవారు మీలో ఉండవచ్చు. నియమాలకు లోబడి రెండు సబ్జెక్టుల వరకు మన సంస్థ లెక్కలోకి తీసుకుంటుంది. పాత మార్కుల మెమో ట్రంకుపెట్టె అడుగున ఉంటే ఇప్పుడే వెతికి తీయండి. ప్రవేశ దరఖాస్తు నింపేటప్పుడే దాన్ని అధ్యయన కేంద్రంలో చూపించి అడగండి.