గునుగు పువ్వు

2022లో ఎన్టీఆర్ జిల్లాలో చేరిన మా జగ్గయ్యపేట, నందిగామ మెట్టచేలలో గునుగు వట్టి కలుపు. ఎల్ల దాటి తెలంగాణలో అడుగిడితే అదే పువ్వు తంగేడు సరసన బతుకమ్మై కొలువుదీరును. దాని తోబుట్టువైన కోడిజుట్టును మాత్రం కుండీలో పెట్టి మురిసిపోతాము; ఇదేమి న్యాయమో!

లిన్నేయస్ 1753లో దీనికి ‘సెలోషియా అర్జెంటియా’ అని పేరిడెను. అర్జెంటియా యనగా వెండివన్నె. వెన్ను మొన గులాబి, అడుగు వెండి.

కలుపుమందు తగిలిన చేలో గునుగు మిగులుట లేదు. కనుక మేము పెరటిలో దానికి చోటిచ్చితిమి. తొలకరికి నల్లని సన్నగింజలను ఇసుకతో కలిపి పైపైన చల్లవలెను, లోతుగా పూడ్చరాదు. ఎరువు అక్కరలేదు, నీరు నిలువరాదు. లేత ఆకు కూరకు పనికివచ్చును. కార్తీకమున ఎండిన వెన్నులను కాగితముపై దులిపి, పొట్లములు కట్టి, అడిగిన విద్యార్థులకు ఇచ్చుచున్నాము.