అక్కుపల్లి నుంచి బైగాచి దాకా

1945 జులైలో కలకత్తాకు ఈశాన్యంగా ఉన్న బైగాచి ఎయిర్‌ఫీల్డులో 176వ స్క్వాడ్రన్ పాత బ్యూఫైటర్లను వదిలి మస్కిటో విమానాలకు మారింది. బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌కు చెందిన ఈ దళం పని రాత్రిపూట శత్రువిమానాలను వేటాడటం. కొత్త విమానాలు చేతికి వచ్చేసరికి ఆ ఆకాశంలో వేటాడటానికి జపాను విమానాలు దాదాపు మిగల్లేదు. మరుసటి నెలలో జపాను లొంగిపోయింది.

ఆ దళం కాపలా కాసిన బంగాళాఖాతమే ఉత్తరాంధ్రలో ఉద్దానం ప్రాంతపు అక్కుపల్లి శివసాగర్ తీరాన్నీ తాకుతుంది. ఈ సముద్రం మీదుగా యుద్ధం ఆంధ్రతీరానికి 1942 ఏప్రిల్ 6న వచ్చింది. ర్యూజో అనే జపాను నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఉత్తరాంధ్ర పల్లెలకు మాత్రం యుద్ధం సంగతి అంతకుముందే తెలుసు. ఇక్కడి జనం రంగూన్‌ని రంగం అంటారు. అక్కడి రేవులో, బియ్యం మిల్లుల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్లు వేలల్లో ఉండేవారు. 1941 డిసెంబరు 23న రంగం మీద బాంబులు పడ్డాక ఓడ దొరికినవాళ్లు ఓడలో, దొరకనివాళ్లు కొండలూ అడవులూ దాటి కాలినడకన బయలుదేరారు. దారిలోనే ఎందరో పోయారు.

అక్కుపల్లి నుంచి కొబ్బరి, జీడి తోటల మధ్యగా పలాస చేరి, కలకత్తా వైపు వెళ్లే రాత్రి బండి ఎక్కాను. కిటికీ అవతల ఒక్క దీపమూ లేని పొలాలు వెళ్లిపోతుంటే, అలాంటి చీకట్లో ఇంకో విమానాన్ని వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో కొంత ఊహకు అందింది.

కలకత్తా మీద జపాను మొదటి రాత్రిదాడి 1942 డిసెంబరు 20న జరిగింది. పగటి యుద్ధవిమానాలు చీకట్లో చేయగలిగింది తక్కువ. జనం నగరం వదిలి పారిపోసాగారు. మధ్యప్రాచ్య యుద్ధక్షేత్రంలో ఉన్న 89వ స్క్వాడ్రన్ నుంచి కొన్ని బ్యూఫైటర్లను హడావుడిగా రప్పించి, 1943 జనవరి మధ్యలో కలకత్తా శివారులోని డమ్‌డమ్‌లో 176వ స్క్వాడ్రన్‌ను ఏర్పాటు చేశారు. తర్వాత అది బైగాచికి మారింది.

బ్యూఫైటర్‌లో ఇద్దరుంటారు. నేల మీది రాడార్ కేంద్రం రేడియోలో దిక్కూ ఎత్తూ చెబుతూ విమానాన్ని శత్రువుకు కొద్ది మైళ్ల దూరం దాకా తీసుకువెళుతుంది. అక్కడి నుంచి బాధ్యత వెనక కూర్చున్న రాడార్ మనిషిది. అతను చిన్న తెర మీది గుర్తులు చూసి కుడికో ఎడమకో చెబుతాడు, పైలట్ అలా తిప్పుతాడు. శత్రువు వెనక, కొంచెం కిందికి చేరాక, నల్లటి ఆకారమో ఇంజను పొగగొట్టం నిప్పో కంటికి కనబడాలి. అప్పుడే 20 మిల్లీమీటర్ల ఫిరంగులు నాలుగూ పేలుతాయి. గురి పైలట్‌దే అయినా, వేట నడిపించేది వెనకవాడి గొంతు. కథల్లో అతని పేరు ఎప్పుడూ రెండోదిగానే వస్తుంది. అది అన్యాయం.

జనవరి 15 రాత్రి ఆర్థర్ ప్రింగ్ అనే సార్జెంటు మూడు బాంబర్లను కూల్చాడు. నాలుగు రోజులకు ఆస్ట్రేలియా పైలట్ చార్లెస్ క్రోంబీ, తన విమానం మంటల్లో ఉండగానే రెండింటిని కూల్చి పారాచూట్‌తో దూకాడు. ఆ దెబ్బతో రాత్రిదాడులు బాగా తగ్గిపోయాయి. ప్రింగ్ మాత్రం అదే ఏడాది డిసెంబరు 5న, కలకత్తా మీద జరిగిన పగటి దాడిని ఎదుర్కొంటూ హరికేన్ యుద్ధవిమానంలో చనిపోయాడు. చీకటిని జయించిన మనిషిని పట్టపగటి వెలుగు బలి తీసుకుంది.

కలకత్తా మైదానం గుండా పోయే రెడ్ రోడ్ ఆ రోజుల్లో యుద్ధవిమానాల రన్‌వే. దాన్ని చూసుకుని సియాల్దా నుంచి బనగావ్ లోకల్ ఎక్కితే, సుమారు 40 కిలోమీటర్ల దూరంలో అశోక్‌నగర్ రోడ్ స్టేషను వస్తుంది. బైగాచి ఎయిర్‌ఫీల్డు ఈ ప్రాంతంలోనిదే.

యుద్ధం చివరి ఏడాది ఇక్కడి దళాలకు ఎక్కువగా మిగిలింది ఎదురుచూపే. శత్రువు రాడన్న నమ్మకం లేనంతకాలం రాత్రి కాపలా ఎత్తేయడానికి వీల్లేదు. ఫలితం కంటికి కనబడని అలాంటి సేవను చరిత్రలు రెండు వాక్యాల్లో దాటేస్తాయి, కానీ నగరం నిద్రపోయింది దాని వల్లనే. అప్పటికి తానూ ఇక్కడికే వచ్చిన 89వ స్క్వాడ్రన్ 1945 సెప్టెంబరులో సింగపూరు వెళ్లింది. 176వది 1946లో ఇక్కడే రద్దయింది.

దేశవిభజన తర్వాత ఈ నేల మీద, తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్ల కోసం అప్పటి ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ ప్రభుత్వం కాలనీ కట్టించింది. అదే అశోక్‌నగర్. రంగం నుంచి నడిచొచ్చిన పెద్దలున్న ఉద్దానం ఇళ్లవాళ్లు కలకత్తా వెళ్తే, ఒక పూట కేటాయించి ఈ ఊరు చూసి రండి.