రోడ్డు మీద దొరికినవి

మా అబ్బాయి చదువుకి వేరే ఊరెళ్ళాక, వాడి సైకిల్ బాల్కనీలో బూజు పట్టిపోతుంటే నేనే బయటికి తీశాను. "ఈ వయసులో సైకిలేంటే తల్లీ!" అని మా అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు.

పొద్దున్నే మారేడుపల్లిలో బయల్దేరి కార్ఖానా, తిరుమలగిరి, లోతుకుంట మీదుగా బొల్లారం వెళ్ళొస్తాను. 1983లో ఎలిజబెత్ రాణి తన పెళ్ళిరోజుకి వచ్చిన హోలీ ట్రినిటీ చర్చి దాకా అన్నమాట. కార్లో వెళ్ళినన్నాళ్ళూ ఆ రోడ్డు మీద ఏమీ కనబడలేదు. సైకిలెక్కాక అన్నీ కనబడతాయి. రాలిన పూలు, ఒంటి చెప్పు, చంటిపిల్ల గాజు, మేకులు, నట్లు, సీసా పెంకులు.

ఒకరోజు తిరుమలగిరి దగ్గర పగిలిన సీసా చూశాను. తిరిగొచ్చి టిఫిన్ చెయ్యాలన్న తొందరలో పక్కనుంచి తప్పించుకుని వెళ్ళిపోయాను. వచ్చేటప్పుడు చూస్తే అక్కడే పేపర్ వేసే కుర్రాడు కూలబడి ఉన్నాడు. సైకిల్ టైరు పంక్చరైంది, మోచెయ్యి గీరుకుపోయింది, పేపర్లన్నీ చెల్లాచెదురు. చున్నీ చింపి కట్టు కట్టాను.

"పర్లేదాంటీ, నేనే చూసుకోలేదు" అన్నాడు.

నేను చూశాను కదా! ఆ మాట వాడితో చెప్పలేకపోయాను.

అప్పట్నుంచి హ్యాండిల్‌కి గుడ్డసంచీ తగిలించుకుంటున్నాను. మేకైనా, పెంకైనా దిగి ఏరి పక్కకి తీస్తాను. ఇంట్లో పాత హార్లిక్స్ సీసా మేకులతో సగం నిండింది.

మొన్న అత్తగారు ఎక్కణ్ణుంచి తీశారో, ఒక అయస్కాంతం నా చేతిలో పెట్టారు.

"ఇంద, దీనికి తాడు కట్టుకో. ప్రతిసారీ నడుం వంచక్కర్లేదు" అన్నారు.