వానాకాలం, చెక్క గడియారం

ఆర్నెల్ల ఆదివారాలు ధారపోసి చేసిన చెక్క గడియారం మొన్నటి ముసురుకి ఆగిపోయింది. ఎండల్లో కోసిన టేకు చక్రాలు తేమకి ఉబ్బి, పళ్లు ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. చెక్క అడ్డంగా ఉబ్బినంతగా నార పొడుగునా ఉబ్బదు. అంటే గుండ్రంగా కోసిన చక్రం వానల్లో కోడిగుడ్డు అవుతుందన్నమాట! ప్లైవుడ్‌లో పొరల్ని అడ్డం, నిలువు మార్చి మార్చి అతికిస్తారు కాబట్టి ఈ బెడద తక్కువ. మా వీధి వడ్రంగి ముందే చెప్పాడు. టేకు మోజులో నేనే వినలేదు.

లోలకం మాత్రం చక్కగా కుదిరింది. 99 సెంటీమీటర్లకి కాస్త పైన పెడితే ఇటు నుంచి అటు ఊగడానికి సరిగ్గా సెకను. దానికి 30 పళ్ల చక్రం తగిలిస్తే నిమిషానికి ఒక చుట్టు.

ఇంగ్లండులో జాన్ హారిసన్ అనే వడ్రంగి కొడుకు 1713లో, ఇరవై ఏళ్లకే, దాదాపు అంతా చెక్కతోనే గడియారం చేశాడు. ఓక్ చక్రానికి పళ్లని ముక్కలుగా, నార బయటి వైపుకి ఉండేలా అతికించాడట. అంత ఓపిక నాకెక్కడిది? ప్లైవుడ్ తెచ్చి మళ్లీ ఆకురాయి పట్టా.

ఈలోగా ఎవరు టైమడిగినా మా ఆవిడ ఫోన్ చూసి చెబుతోంది, నాకు వినపడేలా.