మట్టం తిప్పి గీశావా?

సొరుగు సగం దాకా బాగానే వెళ్లింది. అక్కడ పట్టేసింది. బయటికి లాగి, బోర్లించి చూశాను. అడుగు పలక పొడవు 400 మిల్లీమీటర్లు, వెడల్పు 300. స్కేలు పెట్టి కొలిస్తే 400కి 400, 300కి 300. మరెక్కడ తేడా?

ఈ సీఎన్సీ రౌటర్‌ని నేనే బిగించుకున్నాను. అల్యూమినియం పట్టాల మీద ముందుకీ వెనక్కీ నడిచే ఓ అడ్డదూలం, దాని మీద అటూ ఇటూ జరిగే చిన్న మోటారు, మోటారు కొసన గిర్రున తిరిగే బిట్టు. కంప్యూటర్లో గీసిన గీత వెంటే ప్లైవుడ్‌ని కోసుకుంటూ పోతుంది. బాల్కనీలో సగం దానికే పోయింది. బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలని ఇంట్లో రోజూ గొడవ. ఆ గొడవకి జవాబుగా, అమ్మ కుట్టుమిషను బల్లకి సొరుగు చేసిస్తానని గొప్పలు పోయాను.

ఐమూలగా కొలవాలని రెండ్రోజుల తర్వాత గానీ తట్టలేదు. 400, 300 పలకకి మూల నుంచి మూలకి ఎటు కొలిచినా 500 రావాలి. నాకు ఒకవైపు 501, రెండోవైపు 499. అంటే పొడవూ వెడల్పూ నిజమే, మూలలే అబద్ధం. పలక మొత్తం ఓ పక్కకి ఒరిగింది.

కొత్తవాళ్లు చేసే పనే నేనూ చేశాను, సాఫ్ట్‌వేర్‌లో అంకెలు మార్చడం. మోటారు మిల్లీమీటరుకి ఎన్ని స్టెప్పులు వెయ్యాలో చెప్పే అంకెలవి. వాటిని మారిస్తే పలక పెద్దదో చిన్నదో అవుతుంది, అంతే. ఒరిగిన మూల నిలబడదు. తప్పున్నది దూలంలో. దాన్ని రెండు వైపులా రెండు మోటార్లు, రెండు స్క్రూలు నడిపిస్తాయి. కరెంటు లేనప్పుడు ఒక స్క్రూ కాస్త తిరిగినా ఒక భుజం ముందుకి పోతుంది. తర్వాత అదే ఓర మీద, ఏ అనుమానమూ లేకుండా, ఎన్ని పలకలైనా కోసి పెడుతుంది. అందుకే నా మిషనుకి పట్టాల చివర రెండు స్టాపర్లు పెట్టుకున్నాను. స్విచ్ వేసే ముందు స్క్రూలు చేత్తో తిప్పి దూలాన్ని రెండింటికీ ఆనించాలి. ఆ స్టాపర్లని తిన్నగా పెట్టడానికి మూలమట్టం.

నాది మెరిసే స్టీలు మూలమట్టం. దాన్ని పట్టాకి ఆనించి, స్టాపర్లు విప్పి సర్ది బిగించి మళ్లీ కోశాను. 501, 499. ఇంకోసారి. 501, 499. మూడోసారీ అంతే. అప్పుడైనా వెలగాల్సింది. వదులు బోల్టు తప్పు రోజుకో రకంగా ఉంటుంది. ఒకే తప్పు అంతే కొలతతో మూడుసార్లు వచ్చిందంటే దాన్ని ఎవరో శ్రద్ధగా పెడుతున్నట్టు. పెడుతున్నది నేనే.

మామయ్యకి ఫోన్ చెయ్యడానికి మొహమాటపడ్డాను. ఆయన వడ్రంగి. ఆరేళ్ల కిందట వారం రోజులు మా ఇంట్లో ఉండి పుస్తకాల బీరువా చేసిపెట్టాడు. కూలీ మాటెత్తితే కోప్పడ్డాడు. తలుపులు బిగించే రోజు నేను ఈ స్టీలు మూలమట్టమే తెచ్చి, చట్రం మూలకి ఆనించి, సందులోంచి వెలుతురు చూపించి, "ఇది తొంభై లేదు మామయ్యా" అన్నాను. నాన్న, బాబాయి వాళ్లూ అందరూ అక్కడే ఉన్నారు. ఆయన తన చెక్క మట్టం వైపు చూసుకున్నాడు, నా చేతిలోది చూశాడు. ఏమీ అనలేదు. చట్రం విప్పి, చిత్రిక పట్టి, నా స్టీలుకి సరిపోయేలా మళ్లీ బిగించాడు. ఆ తలుపు ఇప్పటికీ పైన తగులుకుంటుంది. వానలకి చెక్క ఉబ్బిందని చెప్పుకుంటూ వచ్చాం. ఎండాకాలంలో కూడా.

ఫోన్లో నా గోడంతా విని ఒక్కటే అడిగాడు.

"మట్టం తిప్పి గీశావా అల్లుడూ?"

తిన్నటి అంచున్న ప్లైవుడ్ ముక్క తీసుకుని, అంచుకి మట్టం ఆనించి గీత గీయాలి. మట్టాన్ని తిరగేసి, అదే చుక్క దగ్గర్నుంచి ఇంకో గీత. మట్టం మంచిదైతే రెండూ ఒకటే గీతవుతాయి. నావి 200 మిల్లీమీటర్లు పోయేసరికి ఒకటిన్నరకి పైగా విడిపోయాయి. తిరగేస్తే తప్పు రెట్టింపై కనబడుతుంది కాబట్టి అసలు తప్పు అందులో సగం, 0.8 దాకా. ఎంతని? కానీ నా దూలం పొడవు 800. అక్కడికి వెళ్లేసరికి అదే తప్పు మూడు మిల్లీమీటర్లు దాటుతుంది.

ఇక మట్టం జోలికి పోలేదు. మిషను చేతే 600, 450 దూరంలో నాలుగు మూలలా నాలుగు చిన్న రంధ్రాలు వేయించాను. వాటి మధ్య ఐమూలగా 750 రావాలి. కుడి స్టాపర్ దగ్గర మూడు సన్‌మైకా ముక్కలు, ఒక విజిటింగ్ కార్డు దూర్చాక రెండు వైపులా 750 చూపించింది టేపు. అడుగు పలక మళ్లీ కోశాను. సొరుగు వేలితో తోస్తే లోపలికి పోయింది. అమ్మ అప్పుడే బాబిన్లు సర్దేసుకుంది.

రాత్రి, విడిపోయిన ఆ రెండు గీతల ఫోటో మామయ్యకి పంపాను. కింద ఏం రాయాలో తెలీలేదు. కాసేపటికి ఆయనే ఫోన్ చేశాడు.

"ఆ రోజు మట్టం ఇదే కదా మామయ్యా?"

"ఆ."

"నీకు తెలుసా?"

"అప్పుడు తెలీదు. ఊరెళ్లాక నాది తిప్పి గీశా. ఒకటే గీతొచ్చింది."

"మరి చెప్పలేదే?"

"నువ్వడగలేదు కదా."

కొంచెంసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. పండక్కి వచ్చినప్పుడు చట్రం చూస్తానన్నాడు, ఈలోగా తలుపుని చిత్రిక పట్టొద్దన్నాడు. తర్వాత సొరుగుకి ఏ ప్లైవుడ్ వాడానో, షీటు ఎంతకిచ్చారో అడిగాడు.